నలభై నానోసెకన్ల సాక్ష్యం

ఇంటర్‌కమ్ మూగబోయే సమయానికి మామగారు ఆట గెలుస్తున్నారు. ఆ సంగతి ఆయన ముందు కోడలికి చెప్పారు. కొడుకు బడిలో పాఠాలు చెప్పి రాగానే అతనికి చెప్పారు. ఆ తర్వాత నీళ్ల డబ్బా దించడానికి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పారు.

"నా మంత్రి వెళ్లి వాడి రాజు గుమ్మంలో నిలబడ్డాడయ్యా. ఇంకొక్క ఎత్తు వేస్తే వాడి పని ఖాళీ. సరిగ్గా అప్పుడే లైను పోయింది. దానంతటదే పోయిందంటే నన్ను నమ్మమంటావా?"

నీళ్ల డబ్బా మనిషి నమ్మొద్దన్నాడు. అతనికి ఇంకా చాలా ఇళ్లకు వెళ్లాల్సి ఉంది.

మామగారు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినంత కాలం జడ్జిగారి కింద కూర్చుని వినడమే తప్ప తీర్పు చెప్పే భాగ్యం కలగలేదు. ఆ లోటు ఇప్పుడు ఇంట్లో తీర్చుకుంటున్నారు. కూరలో ఉప్పు ఎక్కువైతే "ఉప్పు ఎక్కువైనట్టు ప్రాథమికంగా కనబడుతోంది" అంటారే తప్ప ఎక్కువైందని సూటిగా అనరు.

ఆయన 'వాడు' అన్నది కింది అంతస్తులో ఉండే పళ్ల డాక్టరుని. ఆయనా రిటైరైనవాడే. మూడంతస్తుల ఆ భవనానికి లిఫ్టు లేదు. మామగారిది పై అంతస్తు, డాక్టరుది కింది అంతస్తు, ఇద్దరి మోకాళ్లూ అంతంత మాత్రమే. అందుకని రోజూ భోజనాలయ్యాక ఎవరి బల్ల మీద వాళ్లు చదరంగం పరుచుకుని, ఇంటర్‌కమ్‌లో ఎత్తులు చెప్పుకుంటూ ఆడేవారు. గళ్లకు అడ్డంగా నంబర్లు, నిలువుగా నంబర్లు పెట్టుకున్నారు. "గుర్రం, నాలుగు మూడు" అని ఒకరంటే రెండోవారు తమ బల్ల మీద కూడా ఆ గుర్రాన్ని అక్కడికి జరుపుతారు. సెల్‌ఫోన్లు వచ్చాక భవనంలో మిగతా ఇంటర్‌కమ్‌లన్నీ ఒక్కొక్కటే చచ్చిపోయాయి. వీళ్లిద్దరి మధ్య తీగ ఒక్కటే బతికి ఉండేది. సెల్‌ఫోన్లో ఆడితే ఏమని కోడలు ఒకసారి అడిగింది. మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేసి అప్పు కావాలా అని అడుగుతారని, ఆ కోపంలో తప్పు ఎత్తు పడుతుందని మామగారు చెప్పారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. భవనం కట్టినప్పుడు ఆ తీగలు వేసింది అతనే.

"రెండు తీగల్లో ఒకటి ఎక్కడో తెగిందండీ. ఎక్కడో మాత్రం నన్నడక్కండి. అప్పట్లో పైపులు గీపులు లేకుండా నేరుగా గోడలో పూడ్చేసేవాళ్లం. మెట్ల పక్కనుంచి కొత్త తీగ లాగేస్తాను, గంటలో పని."

"కొత్త తీగ లాగితే పాత తీగ ఎవరు తెంపారో తేలేదెలా?" అన్నారు మామగారు.

ఎలక్ట్రీషియన్ ఆయన వైపు విచిత్రంగా చూశాడు. "కింద డాక్టరుగారు కూడా అచ్చం ఇదే మాటన్నారండీ. గెలుస్తున్న ఆటని చెడగొట్టారట మీరు."

"గెలుస్తున్నది వాడా!" మామగారు లేచి నిలబడ్డారు. మోకాలు నొప్పి గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నారు. "ఓడిపోతూ తీగ తెంపి, పైగా గెలుస్తున్నానంటాడా? ఇది నేరం మీద నేరం."

కొత్త తీగకి అడ్డు చెప్పినవారు ఇంకొకరున్నారు. నడిమి అంతస్తులో ఉండే ప్రెసిడెంటుగారు. భవనం సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. మెట్ల పక్కన తీగ వేలాడితే ఊరుకోనన్నారు. గోడలు తవ్వుతామంటే అసలే ఊరుకోనన్నారు. ఆవిడ తన హాలుకి కొత్తగా రంగు వేయించారు. ఏ రంగు వెయ్యాలో తేల్చుకోవడానికి ఆవిడకి ఒక చలికాలం మొత్తం పట్టింది.

రోజులు గడుస్తున్న కొద్దీ ఇంట్లో వాతావరణం చెడిపోయింది. మధ్యాహ్నం కాగానే మామగారు చదరంగం బల్ల ముందు కూర్చుని, తన మంత్రిని తదేకంగా చూస్తూ నిట్టూర్చేవారు. ఒకటి రెండు సార్లయితే ఫరవాలేదు. పక్క గదిలో పని చేసుకునే కోడలికి ఆ నిట్టూర్పులు ఫ్యాక్టరీ సైరన్‌లా క్రమం తప్పకుండా వినబడేవి.

కోడలి పని కొలిచే యంత్రాలు బాగుచెయ్యడం. కాలేజీల నుంచి, కార్ఖానాల నుంచి ఆసిలోస్కోపులు ఆమె గదికి వస్తాయి. తీగలో కరెంటు ఏ క్షణాన ఎలా కదులుతోందో గీతలా తెర మీద చూపించే యంత్రాలవి. అలాంటివి గది నిండా ఉండబట్టి చుట్టుపక్కలవాళ్లు ఆమెను 'స్కోపమ్మ' అంటారు. ఆ రోజు ఒక స్కోపు లోపలి ధూళి ఊదుతూ ఉండగా అవతలి నుంచి ఇంకో నిట్టూర్పు వచ్చింది. ఆమె బ్రష్షు పక్కన పెట్టి హాల్లోకి వచ్చింది.

"మామయ్యా, ఒక్క గోడా తవ్వకుండా తీగ ఎక్కడ తెగిందో నేను చెబితే?"

మామగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఎలా?"

"బావిలోకి కేకేస్తే మళ్లీ మనకే వినబడుతుంది కదా. తీగలోకి కూడా కేకెయ్యొచ్చు. తెగిన చోటుకి వెళ్లి వెనక్కి వస్తుంది. రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే ఎంత దూరంలో తెగిందో తెలిసిపోతుంది."

"మరి ఇన్నాళ్లూ చెయ్యలేదేం?"

"అదే చిక్కు. మన తీగ బావి అంత లోతు కాదు, గిన్నెంత. గిన్నెలో 'ఓ' అని సాగదీసి అరిస్తే, అరుపు అయ్యేలోపే ప్రతిధ్వని వచ్చి అందులో కలిసిపోతుంది. చిటిక వేసినంత చిన్న కేక కావాలి. చిటిక కూడా కాదు. చిటికలో కోటో వంతు. నా దగ్గరున్న యంత్రాలు అంత చురుగ్గా కేకెయ్యలేవు."

"అయితే?"

"వేసేదాన్ని తయారు చేస్తాను."

మామగారు చాలా రోజుల తర్వాత నవ్వారు. "సాక్ష్యాధారాలు సేకరించమ్మా. కోర్టు వేచి చూస్తుంది."

ఆ కేకకి ఎక్కువ వోల్టేజీ కావాలి. కోడలు ఇల్లంతా వెతికి దోమల బ్యాటు తెచ్చి, దాని పిడి విప్పి, లోపలున్న బుజ్జి సర్క్యూటు పలకని బయటికి లాగింది. భర్త బడి నుంచి వచ్చేసరికి బ్యాటు పేగులు బల్ల మీద పరిచి ఉన్నాయి. అతను వయొలిన్ మాస్టారు. మృదువుగా మాట్లాడతాడు. గొడవలంటే గిట్టదు.

"దోమలు?" అని మాత్రం అడిగాడు.

"నాలుగు రోజులు ఓర్చుకోండి."

అతను ఓర్చుకున్నాడు. వయొలిన్ వాయిస్తూ మధ్యమధ్య కమానుతో కాళ్లు గోక్కున్నాడు.

తర్వాత ట్రాన్సిస్టర్ల వంతు. కోడలు కొత్త ప్యాకెట్టు విప్పి ఒక్కొక్కదాన్నే సర్క్యూటులో గుచ్చి వోల్టేజీ పెంచుతూ పోయింది. ట్రాన్సిస్టరుకి ఇంతకు మించి ఇవ్వకూడదని ఒక హద్దు ఉంటుంది. ఆమె ఆ హద్దు దాటించింది. మామగారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు.

"ఏం చేస్తున్నావమ్మా దాన్ని?"

"కోపం తెప్పిస్తున్నాను మామయ్యా."

"వస్తోందా?"

"రావడం లేదు. ఇవి కొత్తవి. మరీ మర్యాదస్తులు. ఎంత కెలికినా ఉస్సురని కాస్త కరెంటు కార్చి ఊరుకుంటున్నాయి. నాకు ఒక్కసారిగా తెగబడేది కావాలి." ఆమె దాన్ని పీకి ఇంకోటి పెట్టింది. "లోపల ఒక ఎలక్ట్రాను బాగా వేగంగా పరిగెత్తి ఇంకోదాన్ని గుద్దుతుంది. అవి రెండూ పోయి ఇంకో రెండిటిని గుద్దుతాయి. ఆ నాలుగూ ఇంకో నాలుగిటిని. కొండ మీంచి మంచు విరిగి పడుతుంది చూడండి, అలా మొత్తం ఒక్క దెబ్బకి కూలుతుంది. అవలాంచి అంటారు."

మామగారు కాసేపు ఆలోచించారు. "మన భవనం సంఘం మీటింగు లాగా. నీళ్ల మోటారు గురించి ఒకడు లేచి ఒక మాటంటాడు. ఇద్దరు లేస్తారు. నలుగురు లేస్తారు. రెప్పపాటులో కుర్చీలన్నీ ఖాళీ, అందరూ నిలబడి అరుస్తూ ఉంటారు."

"అచ్చం అదే."

"మరి ఈ కొత్తవాళ్లతో లాభం లేదు. మీటింగుల్లో ఎప్పుడూ అరిచేది పాతవాళ్లే," అని ఆయన లేచి హాల్లోకి వెళ్లి, అద్దాల బీరువాలో ఉన్న పాత రేడియో తెచ్చి బల్ల మీద పెట్టారు. అది పలకడం మానేసి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తులేదు. దుమ్ము దులపడానికి తప్ప దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

"మామయ్యా, వద్దు. మీ పెళ్లినాటిది కదా."

"మీ అత్తగారు ఉన్నప్పుడు కూడా దీన్ని మోగనిచ్చేది కాదు, తలనొప్పని. విప్పు."

రేడియోలోంచి తీసిన వాటిలో మొదటి రెండు కొత్తవాటికంటే మర్యాదస్తులు. మూడోది పెట్టి వోల్టేజీ పెంచగానే స్కోపు తెర మీద సూదిమొనలాంటి గీత నిటారుగా లేచింది. పడింది. మళ్లీ లేచింది. కరెంటు దాచుకునే చిన్న కెపాసిటరు నింపుకోవడం, నిండగానే ట్రాన్సిస్టరు తెగబడి మొత్తం ఒక్కసారిగా గుమ్మరించడం, మళ్లీ నింపుకోవడం. గీత లేవడానికి పట్టిన సమయం ఒక నానోసెకను కూడా లేదు, అంటే సెకనులో వందకోట్లవ వంతు కంటే తక్కువ. కోడలు కుర్చీలో వెనక్కి వాలి చూస్తూ ఉండిపోయింది. ఎన్నో యంత్రాలు బాగుచేసింది గానీ తన చేత్తో ఇంత పదునైనది ఎప్పుడూ పుట్టించలేదు.

"కోపం వచ్చింది మామయ్యా," అంది మెల్లగా.

"వచ్చిందా!" ఆయన తెర దగ్గరికి ముక్కు ఆనించారు. "ఇంత చిన్నగా ఉందేమిటి? దీనికంటే నాకొచ్చేది పెద్దది."

ఆదివారం ఉదయం పల్సు పరీక్ష, అంటే తీగలోకి కేకేసి చూడటం. మామగారు దాన్ని విచారణ అన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు, తీగ ఏ గోడలోంచి ఎటు వెళ్తుందో చెప్పడానికి. ప్రెసిడెంటుగారు వచ్చారు, ఎవరినీ గోడ ముట్టుకోనివ్వకుండా చూడటానికి. పళ్ల డాక్టరు కూడా వచ్చాడు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, ప్రతి మలుపులో కూర్చుంటూ పై అంతస్తుకి చేరాడు. చేరాక చాలాసేపు మాట్లాడలేకపోయాడు. మాట రాగానే అన్న మొదటి మాట:

"ఒరేయ్ బెంచీ, నేను లేకుండా విచారణ జరిపిస్తే ఊరుకుంటాననుకున్నావా?"

"రారా పళ్లోడా. ముద్దాయి హాజరు కావడం పద్ధతే," అన్నారు మామగారు. కోడలు డాక్టరుకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఇద్దరి మధ్యా టీపాయ్ అడ్డం పెట్టింది.

హాల్లో ఇంటర్‌కమ్ పెట్టె విప్పి దాని తీగలకి తన సర్క్యూటు తగిలించింది. అందరూ స్కోపు చుట్టూ మూగారు. తెర మీద ముందు ఒక ములుకు, కాస్త ఎడంగా దాని వెనకే ఇంకొక చిన్న ములుకు.

"మొదటిది మనం వేసిన కేక. రెండోది తెగిన చోటు నుంచి తిరిగొచ్చింది," అంది కోడలు. "మధ్యలో నలభై నానోసెకన్లు."

"అంటే?" అన్నాడు డాక్టరు.

నిన్న సాయంత్రమంతా మామగారు అడగ్గా అడగ్గా కోడలు ఆయనకి ఇదంతా విడమరిచి చెప్పింది. ఇప్పుడు ఆయన ఆ పాఠం అప్పజెప్పడానికి ఎదురుచూస్తున్నారు. టేబులు సొరుగులోంచి అడుగు స్కేలు తీశారు.

"ఒక నానోసెకనులో వెలుగు ఈ స్కేలు పొడవంత పోతుంది. పోయి రావడానికి నలభై. కాబట్టి పోవడానికి ఇరవై. ఇరవై స్కేళ్లు! ఔనామ్మా?"

కోడలు తెర మీద గీతని ఇంకా నిలకడగా నిలబెట్టే పనిలో ఉంది. "ఊఁ," అంది.

ఆ 'ఊఁ' చాలు మామగారికి. ఎలక్ట్రీషియన్ చూపించిన దారిలో గోడ మీద స్కేలు ఆనించి, పెన్సిలు గీత గీస్తూ, పైకి లెక్కపెడుతూ బయల్దేరారు. హాలు గోడ అయింది. కోడలి పనిగదిలోకి మలుపు తిరిగారు. ఆ గది మధ్య నుంచి తీగ కిందికి దిగుతుంది. ఆయన గోడ వెంబడి వంగి, వంగలేక ఎలక్ట్రీషియన్‌కి స్కేలిచ్చి, నేల దాకా కొలిపించారు. ఇంకా స్కేళ్లు మిగిలాయి.

అందరూ ప్రెసిడెంటుగారి వైపు చూశారు.

"వీల్లేదు," అన్నారు ఆవిడ.

కానీ ఆ చూపులో ఇంకో సంగతి కూడా ఉంది. మిగిలిన స్కేళ్లు ఆవిడ హాల్లో, కప్పుకి కొంచెం కింద, సరిగ్గా రంగు వేసిన గోడ మీదికి వస్తాయి. రంగు వేసేటప్పుడు పనివాళ్లు గోడ గీకారు కదా, అప్పుడే తీగ తెగి ఉంటుందని ఎలక్ట్రీషియన్ గొణిగాడు. ఆ మాట ఆవిడ చెవిన పడింది.

"ఏమిటీ? నా రంగు వల్లనా?" ఆవిడ మొహం ఎర్రబడింది. "పదండి. తవ్వండి. నా గోడలో తెగి ఉంటే నా పదవికి రాజీనామా ఇస్తాను. లేకపోతే..." లేకపోతే ఏం చేస్తారో చెప్పలేదు. అది ఇంకా భయంగా అనిపించింది.

ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి, ఆ లేత రంగు గోడలో అరచేయంత ముక్క లేపాడు. కింద నిలబడ్డ ప్రెసిడెంటుగారు ప్రతి సుత్తి దెబ్బకీ కళ్లు మూసుకున్నారు. పళ్ల డాక్టరు జేబులోంచి పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం తీసి పైకి అందించాడు. రిటైరైనా అది ఆయన జేబు వదల్లేదు.

"రెండు పక్కలా పెట్టి చూడవోయ్. పుచ్చు ఎప్పుడూ వెనక వైపే ఉంటుంది."

ఎలక్ట్రీషియన్ అద్దం పెట్టి చూశాడు. గీకి చూశాడు. తీగ నవనవలాడుతోంది. ఒక్క గాటు లేదు.

కోడలికి చెవులు వేడెక్కాయి. ఆమె ఒక్కసారి గోడ వైపు, ఒక్కసారి మామగారి చేతిలో స్కేలు వైపు చూసి, నుదురు కొట్టుకుంది.

"అయ్యో! ఒక్క నిమిషం. పాత తీగ ముక్క ఏమైనా ఉందా మీ దగ్గర?" అని ఎలక్ట్రీషియన్‌ని అడిగి, అతని సంచిలోంచి అదే రకం తీగచుట్ట లాక్కుని మెట్లెక్కి పరిగెత్తింది. వెనక అందరూ ఎక్కారు. డాక్టరు మళ్లీ మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. ఆమె చుట్టని విప్పి స్కేలుతో కొలిచి, దానికి పల్సు తగిలించి చూసింది. నానోసెకనుకి ఒక స్కేలు చొప్పున లెక్కేస్తే అసలు తీగ పొడవు కంటే సగం ఎక్కువ వస్తోంది.

"తప్పు నాదే. వెలుగు అంత వేగంగా పోయేది ఖాళీ చోట. ప్లాస్టిక్ తొడుక్కున్న తీగలో పల్సు అందులో మూడింట రెండు వంతుల వేగంతోనే పోతుంది. తడిబట్టలతో నడిచినట్టు. ఇరవై స్కేళ్లు కాదు, పదమూడు చిల్లర."

"చిల్లర!" అన్నారు ప్రెసిడెంటుగారు. "నా గోడ పోయింది, ఇప్పుడు చిల్లరంటోంది."

"క్షమించండి అక్కా. నిజంగా. ఆ గోడ నేనే దగ్గరుండి బాగుచేయిస్తాను."

మామగారు ఈసారి స్కేలు కోడలి చేతికిచ్చారు. కోడలు హాలు నుంచి మళ్లీ కొలవడం మొదలుపెట్టింది. పనిగదిలోకి మలుపు తిరిగింది. స్కేలు గోడ వెంబడి పాకుతూ వెళ్లి ఒక చోట ఆగింది. కోడలి చెయ్యి కూడా ఆగింది.

అక్కడ ఒక షెల్ఫు ఉంది.

ఆ షెల్ఫు సంగతి చెప్పాలి. వయొలిన్ తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగని ఆమె భర్త, భార్య గదిలో యంత్రాలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని, ఎవరి సాయమూ లేకుండా స్వయంగా బిగించిన షెల్ఫు అది. గోడకి డ్రిల్లు పెట్టిన రోజు అతని చేతులు రాత్రి దాకా వణికాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ షెల్ఫు చూపించేవాడు. "లాగి చూడండి, లాగండి ఫరవాలేదు" అనేవాడు. వయొలిన్ కచేరీకి వచ్చిన చప్పట్లు కూడా అతన్ని అంత సంతోషపెట్టలేదు.

కోడలు భర్త వైపు చూసింది. అతను షెల్ఫు వైపు చూస్తున్నాడు. గదిలో అందరూ ముందు షెల్ఫుని, తర్వాత అతన్ని, మళ్లీ షెల్ఫుని చూశారు.

"ఇంకోసారి కొలుస్తాను," అంది కోడలు. "ఇందాక ఒకసారి తప్పాను కదా."

"అక్కర్లేదు," అన్నాడు అతను. స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. షెల్ఫు మీద పోయిన వారమో అంతకు ముందో కాలేజీ నుంచి వచ్చిన పాత స్కోపు ఉంది, ఇనప్పెట్టె అంత బరువు. ఎలక్ట్రీషియనూ కోడలూ కలిసి దాన్ని కిందికి దించారు. భర్త ఒక్కో స్క్రూ విప్పుతూ వచ్చాడు. నాలుగోది ఎంతకీ రాదు. పంటి బిగువున తిప్పాడు. ఆఖరికి బయటికి వచ్చిన స్క్రూ కొద్దిగా వంగి ఉంది, దాని గాడిలో రాగి పోగులు మెరుస్తూ ఇరుక్కుని ఉన్నాయి.

డాక్టరు అద్దం పెట్టి రంధ్రంలోకి చూశాడు. "ఇదే. వేరు దాకా పోయింది."

బిగించినప్పుడే స్క్రూ తీగని గీరింది, తీగ అప్పటికి ఒకటి రెండు పోగుల మీద వేలాడుతూ బతికింది, బరువైన స్కోపు పెట్టగానే స్క్రూ వంగి ఆ పోగులు కూడా తెంపింది. కోడలు ఇదంతా వివరిస్తుంటే భర్త స్క్రూని వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. అందరూ అతను ఏమంటాడా అని చూస్తున్నారు.

"కానీ ఎంత గట్టిగా బిగించానో చూశారా?" అన్నాడు.

ముందుగా నవ్వింది ప్రెసిడెంటుగారు. ఆవిడ నవ్వు ఎవరూ అంతకు ముందు విని ఉండకపోవడం వల్ల, దగ్గొచ్చిందనుకుని ఎలక్ట్రీషియన్ మంచినీళ్లు తెచ్చాడు.

మామగారు మాత్రం నవ్వలేదు. కొడుకుని చూసి, డాక్టరుని చూసి, గొంతు సవరించుకున్నారు. "ముద్దాయి నిర్దోషి అని తేలింది," అన్నారు, నేల చూపులు చూస్తూ. "తీగ మా గోడలోనే తెగింది. ఒప్పుకుంటున్నాను. అయినా ఆట మాత్రం నేనే గెలుస్తున్నాను. అది ఇంకో కేసు."

"నువ్వా? నీ ఏనుగులు రెండూ లైను పోకముందే పోయాయి కదరా!" అన్నాడు డాక్టరు.

"నా ఏనుగులా? వచ్చి చూడు!"

హాల్లో బల్ల మీద ఆట అలాగే ఉంది. డాక్టరు వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. మామగారి ఏనుగులు రెండూ మూలల్లో భద్రంగా నిలబడి ఉన్నాయి.

"ఇది మన ఆట కాదు," అన్నాడు చివరికి.

కోడలు కిందికి వెళ్లి డాక్టరు ఇంట్లో ఉన్న బల్లని సెల్‌ఫోన్లో ఫొటో తీసి తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అవి ఒకే ఆట అని ఎవరూ అనలేరు. కింద బల్ల మీద డాక్టరు గెలుస్తున్నాడు. పై బల్ల మీద మామగారు గెలుస్తున్నారు.

"తీగ తెగిపోక ముందు లైన్లో గరగర ఉండేదా మామయ్యా?"

"ఉండేది. చాలా రోజుల నుంచి. వాడు చెప్పే నంబర్లలో కొన్నిటికి నాకు చివరి 'డు' ఒక్కటే వినబడేది."

రెండు. మూడు. ఏడు. కోడలికి అంతా అర్థమైంది. ఒకరు మూడంటే ఒకరు ఏడని జరిపారు. ఒకరు ఏడంటే ఇంకొకరు రెండని జరిపారు.

"మరి అడగలేదేం బాబాయ్? వేరే ఎత్తు వస్తుంటే వింతగా అనిపించలేదా?"

డాక్టరు టీపాయ్ మీద గాజు గ్లాసుని అటూ ఇటూ తిప్పాడు.

"అనిపించింది అమ్మాయ్. ఉన్న ఏనుగుని వదిలేసి లేని గుర్రంతో ఆడేవాడు. పోయిన బంటుని మళ్లీ జరిపేవాడు. వీడికి... మతి తప్పుతోందేమోననుకున్నాను. మా అన్నయ్యకి అలాగే మొదలైంది. అడిగితే బాధపడతాడని, ఏం చెబితే దానికి సరేనంటూ ఆడాను."

"ఒరేయ్ పళ్లోడా," అన్నారు మామగారు. "నేను నీ గురించి అచ్చం అదే అనుకున్నాను కదరా. వీడు ఎత్తులు మర్చిపోతున్నాడు, పైకి అంటే కుంగిపోతాడు అని... అందుకే కదా, గెలిచే ఎత్తు తెలిసి కూడా రెండు రోజులు వెయ్యకుండా ఆగాను."

"నేనూ ఆగాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేక చెరో గోడ వైపు చూశారు. డాక్టరు కళ్లద్దాలు తీసి, అవసరానికి మించి తుడిచాడు. కోడలు వంటింట్లోకి వెళ్లి అందరికీ టీ పెట్టింది, అక్కడ కొంచెంసేపు ఎక్కువే ఉండిపోయింది.

టీలు తాగేసరికి మాటలు మళ్లీ పెరిగాయి. ఇద్దరికీ మతి పోలేదని తేలింది కాబట్టి ఇక మొహమాటం అక్కర్లేదని, పోయిన నెలలో ఎవరు ఎంత చెత్తగా ఆడారో ఏకరువు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎలక్ట్రీషియన్ తీగ అతికించి, గోడ పూడ్చాడు. ప్రెసిడెంటుగారి గోడకి కూడా పూత పూశాడు గానీ ఆ రంగు మళ్లీ కలవలేదు. కొత్త ముక్క కాస్త ముదురుగా కనబడుతుంది. అక్కడ ఒక పటం తగిలిస్తానని వయొలిన్ మాస్టారు డ్రిల్లు పట్టుకుని వెళితే ఆవిడ గుమ్మంలోనే ఆపేశారు.

ఆ తర్వాతి మధ్యాహ్నం నుంచి కొత్త ఆట. లైను గంటలా మోగింది. ఎవరే నంబరు చెప్పినా అక్షరం పొల్లుపోకుండా వినబడింది. వారం తిరిగేసరికి ఆట ముగిసింది. మామగారు రిసీవరు పెట్టేసి, బల్ల ముందు చాలాసేపు కదలకుండా కూర్చుని, తర్వాత పనిగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, లైన్లో మళ్లీ ఏదో తేడా ఉన్నట్టు ప్రాథమికంగా కనబడుతోంది. ఒకసారి ఆ పల్సు పంపి చూడు."

కోడలు చేస్తున్న పని ఆపి, సర్క్యూటు తెచ్చి, తీగకి తగిలించింది. తెర మీద ఒక ములుకు లేచింది. రెండోది చాలా దూరంగా, కింది అంతస్తు ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే వచ్చింది. మధ్యలో గీత అద్దంలా నున్నగా ఉంది.

"తీగ శుభ్రంగా ఉంది మామయ్యా."

"అంటే నేనే ఓడిపోయానంటావా?"

"తీగ అయితే అలాగే అంటోంది."

మామగారు తెర వైపు కాసేపు అపనమ్మకంగా చూశారు. తర్వాత హాల్లోకి వెళ్లి, పావులు మొదటి నుంచి సర్దుకుంటూ, రిసీవరు ఎత్తి గట్టిగా అన్నారు:

"ఒరేయ్, తెల్లవి ఈసారి నావి."